టెక్ సందేహాలు: ఐదు వందల ఫిల్టర్లలో నాలుగు చాలు

ప్రశ్న: విజయనగరం జిల్లాలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుని. మా కంప్యూటర్ ల్యాబులో క్రితా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వేయించాను. అందులో ఉన్న జిమిక్ ప్లగిన్‌తో, అంటే బొమ్మ రూపు మార్చే ఫిల్టర్లున్న అదనపు పనిముట్టుతో, పిల్లల చేత రంగులు వేయిద్దామనుకున్నాను. తెరిస్తే వందల పేర్లున్న జాబితా, పక్కన అర్థంకాని స్లైడర్లు. రెండు రోజులు అదీ ఇదీ నొక్కి, విసుగొచ్చి పిల్లలు మళ్లీ పెయింట్‌కే వెళ్లిపోయారు. దీన్ని వాళ్లకు దగ్గర చేసే దారుందా?

జవాబు: ఉంది మాస్టారూ. పిల్లలకు చేతకాలేదని మాత్రం అనుకోకండి. ఆ ప్లగిన్ కిటికీ (విండో) మొదటిసారి తెరిచి తడబడనివాళ్లు ఉండరు. జిమిక్ ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో, గ్రేక్ అనే పరిశోధనశాలలో 2008లో మొదలైంది. బొమ్మల మీద లెక్కలు కట్టే పరిశోధకులు తయారుచేసిన పనిముట్టు అది. ఏటేటా కొత్తవి చేరుతూ ఫిల్టర్ల సంఖ్య ఐదు వందలు దాటిపోయింది. క్రితాకీ, ఫొటోలు సరిదిద్దే గింప్‌కీ ఉచితంగా దొరుకుతుంది. ఇంత మంచి సరుకును మన పిల్లల ముందు పెడుతున్నాం కానీ, పావుకిలో పప్పు కోసం వచ్చినవాణ్ని గోదాములోకి పంపి తలుపు వేసినట్టు పెడుతున్నాం. వాడికి కావలసింది కొట్టు అరుగు మీద నాలుగు డబ్బాలు.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది మా మేనకోడలి వల్ల. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూసొచ్చి, డ్రాయింగ్ షీటు మీద నల్ల పెన్నుతో బొమ్మ గీసింది. ముందు వరసలో తెల్ల ఏనుగు, అంజలి రథం, పాలధార, జాలరి వల. వాటి మీదుగా ఏటవాలుగా లేచిన మాను, ఆ మాను చివర కూర్చున్న పూజారి. ఫోనుతో ఫొటో తీసి, క్రితాలో తెరిచి, గంటసేపు కూర్చుని మరకలన్నీ చెరిపింది. ఆ తర్వాత ప్లగిన్ తెరిచింది. నేను పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూశాను.

“ఏటి మావయ్యా, ఇన్నున్నాయి!” అంది. ఆర్టిస్టిక్ అన్న విభాగం తెరిచి ఒకటి నొక్కింది. ప్రివ్యూలో బొమ్మ మారింది. నవ్వింది. ఇంకోటి, ఇంకోటి. ఇరవై నిమిషాలకు ఆకాశం మెరిసిపోయే ఫిల్టర్ ఒకటి దొరికితే ఓకే నొక్కి, సేవ్ చేసి మూసేసింది. సాయంత్రం మళ్లీ తెరిస్తే గీతలు లేవు, ఆ మెరుపు ఒక్కటే ఉంది. “నా బొమ్మ పోనాది మావయ్యా” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కాగితం మీది బొమ్మ భద్రంగానే ఉంది, గంటసేపు పడ్డ కష్టం మాత్రం పోయింది. పక్కనే ఉన్న నాకూ ఆ క్షణంలో తట్టలేదు.

తప్పు పిల్లది కాదు. ఆ కిటికీలో అవుట్‌పుట్ అన్నచోట మామూలుగా ‘ఇన్ ప్లేస్’ అని ఉంటుంది. అంటే ఉన్న బొమ్మ మీదే పని జరిగిపోతుంది. అక్కడ ‘న్యూ లేయర్స్’ ఎంచుకుంటే ఫలితం వేరే పొరగా పైన చేరుతుంది, కింద అసలు బొమ్మ చెక్కుచెదరదు. మీ ల్యాబులో ప్రతి కంప్యూటర్లో చేయాల్సిన మొదటి పని ఇదే. తన బొమ్మ పోదన్న ధైర్యం ఉంటే పిల్లలు ఏదైనా ప్రయత్నిస్తారు. ఒక్కసారి పోయిందంటే మళ్లీ ఆ మెనూ వైపు చూడరు.

రెండో పని, జాబితాను దాచేయడం. ఫిల్టర్ల జాబితా కింద చిన్న బటన్ల వరస ఉంటుంది. అందులో ఒకటి సెలెక్షన్ మోడ్. నొక్కితే ప్రతి ఫిల్టర్ పక్కనా టిక్కు పెట్టే గడి వస్తుంది. అక్కర్లేనివాటికి టిక్కు తీసేస్తే అవి కనబడవు. పోయినట్టు కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి తెచ్చుకోవచ్చు.

మూడో పని నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఏ ఫిల్టర్నైనా ‘ఫేవ్’గా, అంటే ఇష్టమైనదిగా దాచుకునే వీలుంది. అలా దాచినప్పుడు దానితోపాటు మీరు ఆ సమయానికి సర్దిపెట్టిన స్లైడర్ల విలువలు కూడా గుర్తుంటాయి. పేరు మార్చుకునే వీలూ ఉంది. కాబట్టి మీరు ఒక ఆదివారం కూర్చుని, మీ పిల్లల బొమ్మలకు సరిపోయేలా స్లైడర్లు సర్ది, తెలుగు పేరు పెట్టి దాచేస్తే, సోమవారం పిల్లలు ఆ పేరు మీద నొక్కితే చాలు. మా మేనకోడలికి నేను నాలుగు పెట్టాను. ఫోను ఫొటోలో వచ్చే ఇసుకలాంటి గరుకుతనం పోగొట్టే స్మూత్ అనైసోట్రోపిక్‌కి ‘నునుపు’ అని, గీత బొమ్మకు రంగులు నింపే కలరైజ్ లైనార్ట్‌కి ‘రంగుల పంట’ అని, పెన్సిల్‌లా మార్చేదానికి ‘పెన్సిల్’ అని, పాత పత్రికల్లో బొమ్మల్లా చుక్కలు చేసే హాఫ్‌టోన్‌కి ‘చుక్కలు’ అని. ఈ దాచుకున్నవన్నీ కంప్యూటర్లో పేరులో ఫేవ్స్ అన్న మాట ఉన్న ఒక చిన్న జేసన్ ఫైల్లో ఉంటాయి. ఒక యంత్రంలో చేసి, ఆ ఫైలును మిగతావాటిలో అదే చోట పెడితే ల్యాబంతా ఒకేలా తయారవుతుంది.

ఇక పాఠం. మొదటి పీరియడ్‌లో ‘రంగుల పంట’ ఒక్కటే చెప్పండి, మిగతా మూడింటి ఊసెత్తకండి. ఇది ఎలా పనిచేస్తుందో పొలం లెక్కన చెబితే పిల్లలకు చటుక్కున ఎక్కుతుంది. బకెట్ టూల్‌తో రంగు పోయడమంటే మడిలోకి కాలువ వదలడం. గట్టుకు బొటనవేలంత గండి ఉన్నా నీళ్లు పక్క మడిలోకి పోతాయి. చేత్తో గీసిన బొమ్మలో గండ్లు ఉండకుండా ఉండవు. మా పిల్ల గీసిన బొమ్మలో మాను, జనం తలలు కలిసేచోట గీత కొంచెం తెగింది. బకెట్‌తో ఆకాశానికి నీలం పోస్తే మాను నీలమైంది, ఏనుగు నీలమైంది, కింద నిలబడ్డ జనమంతా నీలమైపోయారు.

ఈ ఫిల్టర్ చేసేది వేరు. గీత బొమ్మ పైన ఖాళీ పొర ఒకటి వేసి, దాని మీద ఆకాశంలో ఒక నీలం చుక్క, మాను మీద ఒక గోధుమ చుక్క, రథం మీద ఒక పసుపు చుక్క పెట్టాలి. ఇన్‌పుట్ లేయర్స్ అన్నచోట ‘ఆల్’ ఎంచుకోవాలి, లేకపోతే చుక్కలూ గీతలూ రెండూ దానికి కనబడవు. అప్పుడు అన్ని చుక్కల నుంచీ రంగు ఒకేసారి పాకడం మొదలవుతుంది. తెల్లటి చోట త్వరగా పాకుతుంది, నల్లటి గీత దగ్గర ఆగుతుంది. గండి ఉన్నచోట అటునుంచి నీలం, ఇటునుంచి గోధుమ వచ్చి ఎదురెదురుగా నిలబడిపోతాయి. రెండు మడులకూ ఒకేసారి నీళ్లు పెడితే గండి దగ్గర ఏ నీళ్లూ అవతలికి పోవు కదా, అలాగ. పిల్లల్ని ముందు మూడే చుక్కలు పెట్టమనండి. ఏదో ఒక రంగు పొరుగింట్లోకి వెళ్తుంది. అక్కడ ఇంకో చుక్క పెట్టమనండి. ఆ రెండోసారికి పిల్లల ముఖాలు చూడండి. మా మేనకోడలు పదకొండో చుక్కకు మాను, ఏనుగు, ఆకాశం విడివిడిగా తెచ్చుకుంది. ఆ తర్వాత తనంతట తానే ఏనుగు చెవుల లోపల గులాబీ చుక్కలు పెట్టింది.

ల్యాబుల్లో కంప్యూటర్లు పాతవే ఉంటాయి కాబట్టి ఇంకో జాగ్రత్త. ఫోను ఫొటోను ఉన్నదున్నట్టు తెరవకుండా పొడవు వైపు 2000 పిక్సెళ్లకు తగ్గించండి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఫొటో తీయండి. క్రితాలో కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే వెలుగునీడలు సర్దే లెవెల్స్ వస్తుంది, తెల్ల కొనను ఎడమకు జరిపితే కాగితం బూడిద రంగు పోయి తెల్లబడుతుంది. ప్రివ్యూ చిన్నది కాబట్టి చప్పున వస్తుంది, ఓకే నొక్కాక మొత్తం బొమ్మ మీద లెక్క కట్టడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో ఆగిపోయిందనుకుని పిల్లలు పదిసార్లు నొక్కుతారు. చేతులు కట్టుకుని యాభై అంకెలు లెక్కపెట్టమని చెప్పండి.

అప్పటికీ యంత్రం మొరాయిస్తే ప్లగిన్ జోలికి పోకుండా క్రితాలోనే ఉన్న కలరైజ్ మాస్క్ వాడండి. 2018లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి ఉంది. పని ఇంచుమించు ఇదే. ఎన్నిసార్లయినా చుక్క మార్చి అప్‌డేట్ నొక్కవచ్చు.

ప్రశ్న: శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. సీతంపేట వైపు సవర గిరిజనుల బొమ్మలంటే ప్రాణం. మా ఊరి ఫొటోను సవర బొమ్మగా మార్చే ఫిల్టర్ జిమిక్‌లో ఉందా?

జవాబు: లేదు. ఉంటే బాగుండునని నేను అనుకోవడం లేదు. ఫిల్టర్‌కు తెలిసింది ఒక పిక్సెల్‌కూ పక్క పిక్సెల్‌కూ మధ్య వెలుగు తేడా. సవర బొమ్మ కంటికి కనబడ్డ ఊరి నకలు కాదు. ఎర్రమట్టి పూసిన ఇంటి గోడ మీద తెల్లగా, పోయిన పెద్దల కోసం, జబ్బు రాకూడదని, పంట బాగా పండాలని వేసే మొక్కు అది. చుట్టూ అంచు ముందు గీసి, అక్కణ్నుంచి లోపలికి మనుషుల్నీ చెట్లనీ జంతువుల్నీ సూర్యచంద్రుల్నీ వరసలుగా నింపుకుంటూ వస్తారు. ఫొటోను నొక్కితే ఆ వరస రాదు. మీ ప్రేమ నిజమైనదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది, అందుకే చెబుతున్నా, చేత్తో గీయండి.

ఎలాగంటే, ఎర్రమట్టి రంగు పొర ఒకటి, దాని మీద తెల్ల గీతకు సన్నని, అంచు కొంచెం గరుకుగా ఉండే బ్రష్ ఒకటి. ఇవి రెండే చాలు. ముందు అంచు గీయండి. ఒక మనిషిని గీసి ఇరవైసార్లు కాపీ చేయకండి. గోడ మీద ఏ ఇద్దరి చేతులూ ఒకేలా ఉండవు, ఆ బొమ్మకు ప్రాణం అక్కడే ఉంది. వార్లీ బొమ్మలు చూసి సవర అనుకునేవాళ్లు చాలామంది. అవి మహారాష్ట్రవి, వాటి మనుషులు కొసదేలిన త్రికోణాలు. సవర మనుషులు మరికాస్త సన్నగా, సాగినట్టు ఉంటారు. సీతంపేట మనకు ఇన్నాళ్లూ శ్రీకాకుళం జిల్లానే, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యంలో చేరింది. అయినా ఎంత దూరమని, ఒక రోజు వెళ్లి గీసేవాళ్ల పక్కన కూర్చుని చూడండి. మీ బొమ్మను నలుగురికీ పెట్టేటప్పుడు ‘సవర బొమ్మలు చూసి నేర్చుకుని గీసింది’ అని రాయండి.

ప్రశ్న: ఫ్లెక్స్ షాపులో డిజైనర్ని. పెళ్లి ఫొటోలు వాట్సాప్‌లో పంపి ఆరడుగులు, నాలుగడుగుల బ్యానర్ అడుగుతారు. వేస్తే ముఖాలు గళ్లు గళ్లుగా వస్తున్నాయి. జిమిక్ ప్లగిన్‌తో సరిచేయవచ్చా?

జవాబు: కొంతవరకు. లెక్క చూడండి. అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున ఆ బ్యానర్‌కు 5184 × 3456 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు సుమారు 1600. మూడింతలకు పైగా సాగదీస్తున్నారు, దానితోపాటు కుదింపులో పడ్డ గళ్లూ సాగుతున్నాయి. కాబట్టి పెంచే ముందే ‘రిపేర్’ విభాగంలోని స్మూత్ అనైసోట్రోపిక్‌తో గళ్లు తగ్గించి, తర్వాత అప్‌స్కేల్ ఫిల్టర్‌తో రెట్టింపు చేయండి. ఈ వరస తిప్పితే గళ్లు గట్టిపడతాయి. దీనికంటే సులువైన మందు, ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమని కస్టమర్‌ని అడగడం. కౌంటర్ దగ్గర పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

ప్రశ్న: పలాస నుంచి. బొమ్మలు నేర్చుకోవడానికి పెన్ ట్యాబ్లెట్ కొనక తప్పదా? ఇంట్లో మౌస్ ఒక్కటే ఉంది.

జవాబు: ఇప్పుడే అక్కర్లేదు. కాగితం మీద గీసి, ఫొటో తీసి, మౌస్‌తో రంగు చుక్కలు పెట్టుకోండి, పైన మాస్టారికి చెప్పిన పద్ధతే. మౌస్‌తో గీత వణుకుతుంటే క్రితా బ్రష్ టూల్ ఆప్షన్లలో స్మూతింగ్ దగ్గర ‘స్టెబిలైజర్’ పెట్టుకోండి, గీత నిదానంగా వచ్చినా నిలకడగా వస్తుంది. ఆర్నెల్ల తర్వాత కూడా రోజూ గీస్తుంటే అప్పుడు చిన్న సైజు ట్యాబ్లెట్ కొనండి. కొనే ముందు మీ కంప్యూటర్‌కు దాని డ్రైవర్ దొరుకుతుందో లేదో చూసుకోండి.