కౌలుకిచ్చిన పొలం బాగుపడుతుందా, పాడవుతుందా?

పొలం కౌలు మీద చేతులు మారితే నేల, నీరు చెడకుండానే దిగుబడి పెరుగుతుందా అని అడిగారు. నా అనుభవంలో అది ఎన్నేళ్లకి ఇచ్చారన్నదాన్ని బట్టే ఉంటుంది.

మొదట్లో నాది నోటిమాట మీద ఏడాది కౌలు. రెండో ఏడు ఉత్సాహం కొద్దీ పొలమంతా పశువుల ఎరువు తోలించాను, పంట బాగా వచ్చింది, అది చూసి ఓనరు మరుసటి ఏడు ఎక్కువిస్తానన్న ఇంకొకరికి ఇచ్చేశాడు. పశువుల ఎరువులో నత్రజని మొదటి పంటకి అందేది కొంతే, మిగతాది తర్వాతి రెండు మూడేళ్లలో నెమ్మదిగా వస్తుంది. అంటే ఖర్చు నాది, సారం తర్వాత వచ్చినవాడిది. (అతన్ని అని ఏం లాభం, అతనూ నాలాంటి కౌలుదారే.) ఆ దెబ్బకి తర్వాత తీసుకున్న పొలంలో యూరియా, డీఏపీ తప్ప ఏమీ వేయలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ ఏడు దిగుబడి ఏమీ తగ్గలేదు. నేల చిక్కిపోవడం ఒక్క ఏడాది లెక్కలో కనపడదు మరి.

తర్వాత పక్కపక్కనే ఉన్న మూడు ముక్కలు ఐదేళ్లకి రాయించుకుని తీసుకున్నాను. అప్పుడు నా తీరే మారిపోయింది. ముందు మట్టి పరీక్ష చేయించాను, ఏటా పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లి పూతకొచ్చే సమయానికి నేలలో కలియదున్నాను, మూడో ఏటి నుంచి యూరియా తగ్గించినా దిగుబడి నిలబడింది. తగ్గించడం ఎందుకు ముఖ్యమంటే, పంట తీసుకోని నత్రజనిలో కొంత నైట్రేట్‌గా భూగర్భ జలాల్లోకి దిగిపోతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది, ఆ వాయువు వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు ఎక్కువ వేడి పెంచుతుంది. ముక్కలు కలిశాక ట్రాక్టర్ మలుపులు తగ్గాయి, డీజిల్ కూడా కొంత మిగిలింది.

అలాగని ఎంత పెద్ద కమతమైతే అంత మంచిదనీ కాదు. ఒక ఏడు ఆశపడి ఇంకొంత తీసుకుంటే రోజూ తిరిగి చూసుకోలేక, పురుగు ఉన్నా లేకపోయినా తేదీ చూసుకుని మందు కొట్టాను. టెన్షన్ తగ్గింది, మందు వాడకం పెరిగింది.

ఫ్రాన్స్‌లో వ్యవసాయ కౌలు మామూలుగా కనీసం 9 ఏళ్లకి ఉంటుంది, నేలని బాగు చేసిన కౌలుదారుకి వెళ్లేటప్పుడు పరిహారం అడిగే హక్కు ఉంటుంది, 2006 చట్టంతో పర్యావరణ షరతులు కూడా కౌలు పత్రంలో రాసుకునే వీలొచ్చింది. మన దగ్గర పొలం ఇచ్చేవాళ్లకి ఎక్కువేళ్ల కౌలంటే భూమి చేజారిపోతుందేమోనని భయం, అది అర్థం చేసుకోదగ్గదే. మేం మాత్రం ఇలా రాసుకున్నాం: మొదట్లో ఒకసారి, వదిలేటప్పుడు ఒకసారి మట్టి పరీక్ష, గడువుకి ముందే పొలం వెనక్కి తీసుకుంటే చివరి రెండేళ్ల పశువుల ఎరువు ఖర్చులో సగం ఓనరుదే. ఆ ఒక్క లైను మీద బేరం తేలడానికే రెండు వారాలు పట్టింది.