రోజ్‌మేరీ, థైమ్ చలికాలం దాటాలంటే – న్యూజెర్సీ పెరటి సందేహం

సందేహం: మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం సార్. పోయినేడాది మే నెలలో రోజ్‌మేరీ, థైమ్, సేజ్, లావెండర్, ఒరెగానో, పుదీనా మొక్కలు తెచ్చి డెక్ పక్కన నాటాను. ఆవుపేడ ఎరువు బస్తాలు కలిపి రోజూ సాయంత్రం నీళ్ళు పోశాను, గుబురుగా పెరిగాయి. అక్టోబర్‌లో అన్నిటినీ నేలమట్టానికి కోసేసి పైన చెక్కముక్కల మల్చ్ మందంగా కప్పాను. ఈ ఏప్రిల్‌లో చూస్తే పుదీనా, ఒరెగానో తప్ప ఏదీ చిగురించలేదు, పుదీనా అయితే బెడ్ అంతా పాకేసింది. లేబుల్ మీద పెరెన్నియల్ (ఏళ్ళ తరబడి బతికేది) అనే ఉంది కదా, మరి ఎందుకు చచ్చిపోయాయి? – ఒక సోదరి, ఎడిసన్

సలహా: అమ్మా, ఒక్క రోజ్‌మేరీని పక్కన పెడితే మిగతావి చలికి చచ్చిపోయే మొక్కలు కావు. 2023లో వచ్చిన అమెరికా వ్యవసాయ శాఖ చలి జోన్ల మ్యాప్ ప్రకారం మీ మిడిల్‌సెక్స్ కౌంటీ జోన్ 7లో ఉంది, అంటే మామూలుగా ఏడాదిలో అతి చల్లని రాత్రి 0 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా దిగుతుంది. థైమ్, సేజ్, మన్‌స్టెడ్, హిడ్‌కోట్ లాంటి ఇంగ్లిష్ లావెండర్ రకాలు జోన్ 5 దాకా తట్టుకుంటాయి, అక్కడ మైనస్ 10 కన్నా కిందకి పోతుంది. మీ పెరట్లో వాటిని చంపింది చలికాలంలో వేళ్ళ చుట్టూ నిలిచిన తడి అనే నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇవన్నీ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాళ్ళగుట్టల మీద పుట్టిన మొక్కలు, వానపడినా నీళ్ళు నిలవని చోట బతకడం వాటికి అలవాటు. మీ నేల పైకి ఎర్రగా కనిపిస్తుంది కానీ మన తెలంగాణ చెలక నేల లాంటిది కాదమ్మా, చెలక నీళ్ళని ఇట్టే వదిలేస్తుంది, మీ వైపు ఎర్ర షేల్ రాయి అరిగి ఏర్పడిన నేలలో బంకమన్ను ఎక్కువ, రంగు చూసి మోసపోకూడదు. దానికి తోడు పైన మందంగా తడి మల్చ్ కప్పారు, మొదలు కుళ్ళడానికి అంతకన్నా ఏం కావాలి. ఎండిన సేజ్ మొక్క ఒకటి పీకి చూడండి, వేళ్ళు నల్లగా మెత్తబడి, తొక్క వేలితో లాగితే జారిపోతూ ఉంటే అది కుళ్ళే. రోజ్‌మేరీ మొదలు ఇంకా మిగిలుంటే గోరుతో బెరడు కాస్త గీకండి, లోపల పచ్చగా ఉంటే జూన్ దాకా ఆగండి, గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంక ఆశ లేదు.

మళ్ళీ నాటేముందు ఒక పని చెయ్యండి. అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపి ఇంకిపోనివ్వండి, రెండోసారి నింపి గంటలో ఎంత తగ్గిందో స్కేలుతో కొలవండి, అంగుళం కూడా తగ్గకపోతే ఆ చోటు ఈ మొక్కలకి పనికిరాదు. డెక్ పక్కనే అంటున్నారు కాబట్టి పైకప్పు నీళ్ళు దిగే గొట్టం అక్కడ ఉందేమో కూడా చూసుకోండి. చాలామంది బంకమట్టిలో ఇసుక కలిపితే సరిపోతుంది అనుకుంటారు, కొద్దిపాటి ఇసుక కలిస్తే అది ఇంకా గట్టిపడిపోతుంది, దానికి బదులు 10, 12 అంగుళాల ఎత్తు బెడ్ కట్టి దక్షిణం గోడ వైపు, రోజుకి 6 గంటలు ఎండ తగిలే చోట పెట్టండి. మొదలు చుట్టూ చెక్కముక్కలు కాకుండా చిన్న గులకరాళ్ళు పరవండి.

మీ వైపు నేలలు పులుపు గుణంతో ఉండటం మామూలే, లావెండర్‌కి, థైమ్‌కి పీహెచ్ (మట్టి పులుపుని చెప్పే కొలత, 7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే బాగుంటుంది. రట్గర్స్ యూనివర్సిటీకి మట్టి పరీక్ష ల్యాబ్ ఉంది, శాంపిల్ పంపి రిపోర్ట్ వచ్చాకే సున్నం వెయ్యండి, అంచనాకి వద్దు.

పేడ ఎరువు, రోజూ నీళ్ళు, ఈ రెండూ మనకి వంగ, టమాటా పెంచి వచ్చిన అలవాటు. ఈ మొక్కలకి నత్రజని ఎక్కువైతే మెత్తటి కొమ్మలు వస్తాయి, వాసన పలచబడుతుంది, ఆ లేత కొమ్మే మొదటి మంచుకి మాడిపోతుంది. నాటేటప్పుడు కాస్త కంపోస్ట్ చాలు, ఆగస్టు తర్వాత ఏ ఎరువూ వద్దు. మొదటి ఏడాది వేరు పట్టేదాకా వారానికోసారి నీళ్ళు, తర్వాత బాగా ఎండలు కాస్తే తప్ప అక్కర్లేదు. థైమ్ ఆకు నలిపితే మన వాము వాసనే వస్తుంది, రెండిట్లోనూ థైమాల్ అనే ఘాటు పదార్థం ఉంటుంది మరి, ఎరువు, నీళ్ళు తక్కువగా ఇచ్చి పెంచిన థైమ్‌లో ఆ ఘాటు ఎంత తేడాగా ఉంటుందో మీకే తెలుస్తుంది.

అక్టోబర్ కోత కూడా తప్పేనమ్మా. పుదీనా, చైవ్స్ (సన్నటి ఆకుల ఉల్లి జాతి మొక్క) నేలదాకా కోసినా అడుగునుంచి మళ్ళీ వస్తాయి, కానీ సేజ్, థైమ్, లావెండర్ చెక్కకట్టే మొక్కలు, ముదురు కొమ్మ దాకా కోస్తే చాలాసార్లు మళ్ళీ చిగురే రాదు. వాటిని చలికాలమంతా అలాగే వదిలేసి ఏప్రిల్‌లో చిగుళ్ళు కనపడ్డాక, ఆకులున్న మేరకే మూడోవంతు తియ్యండి. నేల గడ్డకట్టడం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం వల్ల కొత్త మొక్కలు వేళ్ళతో సహా పైకి లేస్తాయి, ఫిబ్రవరిలో ఒకసారి చూసి లేచినవాటిని మెల్లగా నొక్కండి. మంచు పడితే దులపకండి, అదే వాటికి దుప్పటి, కాకపోతే డ్రైవ్‌వేలో ఉప్పు చల్లిన మంచు మాత్రం పారతో ఎత్తి వీటి మీద పొయ్యొద్దు.

రోజ్‌మేరీ మామూలు రకాలు జోన్ 8 మొక్కలు, మీ దగ్గర బయట బతకడం అదృష్టమే. ఆర్ప్ అనే రకం దొరికితే గోడ పక్కన నాటి చూడండి, లేదంటే కుండీలో పెంచి నవంబర్‌లో లోపలికి తెచ్చి వేడి గాలి తగలని చల్లటి కిటికీ దగ్గర పెట్టండి. అక్కడ గాలి ఆడకపోతే బూడిద తెగులు వస్తుంది, చూసుకోండి.

ఇక పుదీనా. దాని కాడలు నేల కిందా పైనా పాకుతూ ఎక్కడికక్కడ వేళ్ళు వేస్తాయి, చిన్న ముక్క మిగిలినా మళ్ళీ లేస్తుంది, కాబట్టి ఓపిగ్గా పూర్తిగా తవ్వి తీసెయ్యండి, కొంత పెద్ద కుండీలో పెట్టుకోండి. ఆకుల కింద నారింజరంగు పొడి బొడిపెలు కనిపిస్తే అది తుప్పు తెగులు, కొమ్మలు నేలదాకా కోసి చెత్తలో పడెయ్యండి, కంపోస్ట్‌లో వెయ్యొద్దు.

పాతవి పోయిన చోట చైవ్స్ తప్పకుండా పెట్టండి, న్యూజెర్సీ చలి దానికి లెక్కలోది కాదు, మూడేళ్ళకోసారి దుబ్బు తీసి విడగొడితే పక్కింటివాళ్ళకి కూడా ఇవ్వచ్చు. కరివేపాకు, తులసి, వామాకు మాత్రం వీటితో కలిపి నాటకండి, మొదటి మంచుకే పోతాయి. కరివేపాకు కుండీని రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి దిగేలోపే లోపల పెట్టెయ్యండి, కొత్తిమీర, మెంతికూరకి తరచూ నీళ్ళు కావాలి కాబట్టి వాటికి వేరే బెడ్ చూసుకోండి.