రోహింగ్యా పిల్లాడిని ఆధార్ లేదని బడిలో చేర్చుకోలేదు, ఏం చేయాలి?

మీ వీధిలో ఉండే రోహింగ్యా (మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ముస్లింల) కుటుంబం ఎనిమిదేళ్ల పిల్లాడిని సర్కారు బడికి తీసుకెళ్తే ఆధార్ అడిగి వెనక్కి పంపారని, చట్టం ఏమంటుందని అడిగారు. నేను లాయర్‌ని కాదు. హైదరాబాద్‌లో రోహింగ్యాలుండే బాలాపూర్ వైపు చిన్న జిరాక్స్ షాపు నాది. ఆ బస్తీల వాళ్ల కాగితాలు ఏళ్లుగా నా మిషన్ మీదుగానే పోతున్నాయి కాబట్టి చెప్తున్నా.

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. వయసు రుజువు లేదన్న కారణంతో ఎవరినీ కాదనకూడదని అందులో 14వ సెక్షన్ ఉంది. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ముందు ప్రభుత్వ బడిలో అడగండి, కాదంటే హైకోర్టుకు వెళ్లండి అంది. అందుకే నోటితో అడిగి ఊరుకోకండి. తండ్రితో దరఖాస్తు రాయించి, రెండో కాపీ మీద బడివాళ్ల సంతకం, తేదీ వేయించుకోండి. "కుదరదమ్మా" అని నోటితో పంపేస్తే రేపు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పిల్లలకు, ఆడవాళ్లకు లాయర్ సాయం ఉచితం.

కాగితం అంటే వాళ్లకు ఎందుకంత భయమో నాకు ఒక చాచా వల్ల తెలిసింది. 2012లో మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో గొడవలు జరిగాక వచ్చిన మనిషి. ఒకరోజు "మాకూ వైట్ కార్డు ఉండేది" అన్నాడు. అక్కడ కూడా రేషన్ బియ్యం ఇస్తారా అని అడిగాను. మనకు తెల్లకార్డు అంటే అదే కదా! ఆయన నవ్వి జేబులోంచి తీశాడు. 1982 పౌరసత్వ చట్టం వచ్చాక మయన్మార్ 135 జాతులను గుర్తించింది. రోహింగ్యాలు ఆ జాబితాలో లేరు. 1995 నుంచి వాళ్లకు తాత్కాలిక తెల్లకార్డులు ఇచ్చారు. 2010 ఎన్నికల్లో వాటితోనే ఓటు వేయనిచ్చారు, 2015లో రద్దు చేశారు. 2017లో సైన్యం ఊళ్ల మీద పడ్డాక ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ చాచా చెల్లెలు ఇప్పటికీ కాక్స్ బజార్ క్యాంపులోనే ఉంది.

మడతల దగ్గర చిరుగుతోందని ఆ కార్డుకు లామినేషన్ వేయమన్నాడు. అప్పటికే అది చెల్లదు. వేసిచ్చాను, డబ్బులు తీసుకోలేదు.

అంత మంచివాడినేం కాదు లెండి. అదే ఏడాది షాపు పైన గది ఖాళీ అయితే, కొడుకు కుటుంబానికి అద్దెకిస్తావా అని అడిగాడు. పోలీసులు వస్తారేమో, పక్కింటివాళ్లు ఏమంటారో అని టెన్షన్ పడి "మా బంధువులొస్తున్నారు చాచా" అన్నాను. రెండు నెలలు టూ-లెట్ బోర్డు అలాగే వేలాడింది. ఆయన ఆ బోర్డు కిందే నిలబడి జిరాక్సులు తీయించుకునేవాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వివక్ష అంటే కర్రలు పట్టుకుని వచ్చేవాళ్లదే అనుకునేవాణ్ని అంతవరకు.

చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు ఉన్నా ఇక్కడ అది పౌరసత్వం కాదు, ఆధార్ కాదు. రాజ్యాంగంలో 14 (చట్టం ముందు సమానత్వం), 21 (ప్రాణం, స్వేచ్ఛ) అధికరణలు పౌరులు కానివాళ్లకూ వర్తిస్తాయి. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు మాత్రం పౌరులకే. పద్ధతి ప్రకారం అయితే రోహింగ్యాలను మయన్మార్‌కు వెనక్కి పంపవచ్చని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ భయం వల్లే చాలామంది బడి గడప తొక్కరు. ఇంకో మాట: డబ్బులిస్తే ఆధార్ చేయిస్తామని బ్రోకర్లు తిరుగుతుంటారు. ఆ దారిన పోయి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. మీ వీధిలోని ఆ కుటుంబానికి ఇది గట్టిగా చెప్పండి.

చాచా మనవడి విషయంలో నేనూ బడికి వెళ్లాను. ఆధార్ లేకపోతే ఆన్‌లైన్‌లో పేరు ఎక్కదన్నారు. దరఖాస్తు మీద సంతకం అడిగేసరికి హెడ్మాస్టర్ కాసేపు ఆలోచించి, "ముందు కూర్చోబెట్టండి, పేరు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. పేరు ఎక్కడానికి నెలలు పట్టింది, పిల్లాడు మాత్రం ఆ రోజే క్లాసులో కూర్చున్నాడు. వీలైతే జూన్‌లో బడిబాట జరిగేటప్పుడు వెళ్లండి, అప్పుడు టీచర్లే పిల్లల్ని బడిలో చేర్పించడానికి ఇల్లిల్లూ తిరుగుతుంటారు.