కొత్తగా డిపార్ట్‌మెంట్‌లో చేరిన మేనల్లుడికి

కావలి

చి. అబ్బయ్యకు,

అత్త ఆశీస్సులు. నువ్వు నెల్లూరు దగ్గర కాకుటూరు యూనివర్సిటీ క్యాంపస్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఫొటో బంధువులందరికీ పంపినట్టే నాకూ పంపింది. ముందు ఆ ఫొటో గ్రూపుల్లోంచి తీసేయించు. పుట్టిన తేదీతో సహా అన్ని వివరాలూ అందులో కనిపిస్తున్నాయి.

నిన్న ఫోన్‌లో ఒక మాట అడిగావు, "ఇక్కడి రూల్స్ అన్నీ ఎక్కడ రాసి ఉంటాయత్తా?" అని. ఒక్కచోట ఉండవు. ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల చట్టం 1991 ఒకటుంది. దాని కింద పాలకమండలి చేసే తీర్మానాలు, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే జీవోలు, టీచర్ల నియామకాలు, ప్రమోషన్ల మీద యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనలు, రిజిస్ట్రార్ సర్క్యులర్లు ఉంటాయి. వీటన్నిటి కంటే ఎక్కువగా నీకు వినపడేది మాత్రం ఇంకొకటి: "ఇక్కడ ఇంతేనండీ." అది ఏ పుస్తకంలోనూ ఉండదు. కొన్నిసార్లు దాని వెనక మంచి కారణమే ఉంటుంది, కొన్నిసార్లు ఎవరి సౌకర్యమో ఉంటుంది. ఎవరైనా ఆ మాట అంటే గొడవ పడకు. "అలాగే సార్, ఆ సర్క్యులర్ నంబరు ఉంటే ఇవ్వండి, ఫైల్లో పెట్టుకుంటాను" అను. నిజంగా ఉంటే ఇస్తారు. లేకపోతే, అది రూలు కాదు ఆనవాయితీ అని మీ ఇద్దరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత పాటించాలా వద్దా అన్నది నీ ఇష్టం. చాలావాటిని పాటించడమే మంచిది, ఏవి పాటించకూడదో కింద రాస్తాను.

ఈ వారంలోనే ఉద్యోగుల రికార్డులు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి వెళ్లు. నీ జాయినింగ్ రిపోర్టులో ఉదయమా, మధ్యాహ్నమా అన్నది రాశారో లేదో చూడు. సీనియారిటీ తేల్చేటప్పుడు పూట కూడా లెక్కలోకి వస్తుంది. సర్వీస్ రిజిస్టర్ తెరిచారా, నెట్, పీహెచ్‌డీ సర్టిఫికెట్లు అందులో ఎక్కించారా అని అడుగు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లకి సీపీఎస్ (జీతంలోంచి వాటా కట్టే పెన్షన్) కాబట్టి ప్రాన్ నంబరు, అంటే పెన్షన్ ఖాతా నంబరు, నామినీ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకో. ఆ సెక్షన్ సూపరింటెండెంట్‌తో మర్యాదగా ఉండు. ప్రొఫెసర్లకి తెలియని జీవోలు ఆయన డ్రాయర్‌లో ఉంటాయి.

సెలవుల దగ్గర కొత్తవాళ్లంతా తికమకపడతారు. యూజీసీ నిబంధనల్లో సీఎల్ (క్యాజువల్ లీవ్) 8 రోజులు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే 15. మీ దగ్గర ఏది నడుస్తుందో పక్క టేబుల్ ఆయన్ని కాకుండా రిజిస్ట్రార్ ఆఫీసును అడుగు. హెచ్‌ఓడీకి (డిపార్ట్‌మెంట్ హెడ్‌కి) వాట్సాప్‌లో "సార్, ఒంట్లో బాగోలేదు" అని పెడితే అది కబురు అవుతుంది కానీ లీవ్ లెటర్ కాదు. మర్నాడు వెళ్లగానే కాగితం ఇచ్చెయ్. సెమినార్లకి, బయటి పరీక్షల పనికి వెళ్లేది డ్యూటీ లీవ్, అది విద్యా సంవత్సరానికి 30 రోజుల వరకే. వెళ్లేముందే మంజూరు చేయించుకో, వచ్చాక హాజరు సర్టిఫికెట్ జతచెయ్. వేరే ఉద్యోగానికి దరఖాస్తు చేసినా, పాస్‌పోర్ట్ తీసుకున్నా, విదేశాలకి వెళ్లినా ముందు రిజిస్ట్రార్ దాకా ఫైలు నడవాలి. ఇందులో దాపరికం పనికిరాదు.

పని గంటల గురించి ఎక్కువ రాయను. వారానికి 40 గంటలు, అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నేరుగా పాఠం చెప్పేది 16 గంటలు, ఏడాదికి 180 బోధన రోజులు. ఇది యూజీసీ లెక్క. టైమ్‌టేబుల్ మీద హెచ్‌ఓడీ సంతకం ఉన్న కాపీ ఒకటి నీ దగ్గర పెట్టుకో. సీనియర్ ఎవరో "నా క్లాసు కూడా చూస్కో అబ్బయ్యా" అంటే ఒకటి రెండు సార్లు చూడు. సెమిస్టరంతా అదే నడిస్తే మాత్రం టైమ్‌టేబుల్ మార్పించమని అడగాలి. లేకపోతే ఆ సబ్జెక్టు సిలబస్ పూర్తికాలేదని పిల్లలు అర్జీ పెట్టిన రోజున సమాధానం చెప్పాల్సింది ఎవరో తేలదు.

ఇప్పుడు హాజరు, ఇంటర్నల్స్ (సెమిస్టర్ మధ్యలో మనమే పెట్టి మార్కులు వేసే పరీక్షలు). నీకు రాబోయే తలనొప్పుల్లో ముప్పాతిక భాగం ఇక్కడివే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తున్నాను.

మన రాష్ట్రంలో చాలాచోట్ల 75 శాతం హాజరు ఉండాలి, 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్, ఫీజుతో కండొనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) ఇస్తారు. మీ కోర్సుకి సరిగ్గా ఎంతో రెగ్యులేషన్స్ పుస్తకంలో చూసి, మొదటి క్లాసులోనే పిల్లలకి చదివి వినిపించు. తర్వాత నెలనెలా హాజరు శాతం నోటీసు బోర్డులో పెట్టు. ఆఖర్లో ఒక్కసారిగా డిటెయిన్ జాబితా (హాజరు చాలక పరీక్ష రాయనివ్వని వాళ్ల పేర్లు) పెడితే ఏడుపులు, పెద్దమనుషులు, ఫోన్లు అన్నీ ఒకేసారి వస్తాయి. రెండో నెలలోనే "నీకు 52 ఉంది" అని చెబితే ఆ పిల్లాడే జాగ్రత్తపడతాడు.

మన జిల్లాకి వానల బాధ కూడా ఉంది కదా. నవంబరులో వాయుగుండం పట్టిందంటే కలెక్టరు సెలవు ప్రకటిస్తారు. అది క్యాంపస్‌కి వర్తిస్తుందో లేదో రిజిస్ట్రార్ సర్క్యులర్ చూసేదాకా ఖాయం అనుకోకు. 2021 నవంబరు వరదకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లే ఆగిపోయాయి, హైవే మీద కూడా రాకపోకలు నిలిచాయి. అలాంటప్పుడు కోవూరు, కావలి వైపు నుంచి వచ్చే పిల్లలు ఎట్లా వస్తారు? వాళ్లకి ఆబ్సెంట్ వేసి ఊరుకోవడం అన్యాయం. నీ అంతట నువ్వే ప్రెజెంట్ వేయడం తప్పు. డిపార్ట్‌మెంట్ మీటింగులో పెట్టి, ఫలానా తేదీల్లో క్లాసులు మళ్లీ జరుపుతాం అని తీర్మానం రాయించి, అదనపు క్లాసు తీసుకుని, దానికి హాజరు వెయ్. జాలి చూపించినా అది మినిట్స్‌లో ఉండాలి, లేకపోతే మరుసటి ఏడాది ఎండల్లో కూడా అదే అడుగుతారు.

ఇంటర్నల్ మార్కులు దిద్దగానే పేపర్లు పిల్లలకి చూపించి సంతకం తీసుకో. "నాకెందుకు తగ్గాయి" అనే ప్రశ్న ఆ రోజే రావాలి, ఆ రోజే తీరిపోవాలి. ఆ పేపర్లు ఎంతకాలం దాచాలో పరీక్షల విభాగం చెప్పినంతకాలం దాచు. ఒక సంగతి గుర్తుంచుకో: విద్యార్థి తన జవాబు పత్రం చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద ఉందని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. నువ్వు దిద్దిన ప్రతి పేపరూ రేపు ఎవరైనా అడిగి చూడొచ్చు అనుకునే దిద్దు. అవార్డ్ లిస్టులో (మార్కుల జాబితాలో) వైట్‌నర్ ముట్టుకోకు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి సంతకం పెట్టు.

ఇక ఫోన్లు. మన ఊళ్లలో ప్రతివాళ్లూ ఎవరికో ఒకరికి బంధువే. "మా బావమరిది కొడుకండీ, నాలుగు మార్కులు..." అని వస్తాయి. కోపగించుకోకు, ఉపన్యాసం అసలే ఇవ్వకు. "అబ్బాయిని అర్జీ రాసి హెచ్‌ఓడీ గారి ద్వారా పంపమనండి, రూలు ప్రకారం చూస్తాను" అను. అర్జీ అనగానే పదిమందిలో తొమ్మిది మంది ఆగిపోతారు. నిజంగా అన్యాయం జరిగినవాడు మాత్రం అర్జీ పెడతాడు, వాడి పేపరు శ్రద్ధగా చూడాలి. ఇంటర్నల్స్ విషయంలో ఆనవాయితీ ఏం చెప్పినా వినకు. "మన డిపార్ట్‌మెంట్‌లో అందరికీ పాతికకి ఇరవై మూడు వేస్తామండీ" అంటే నువ్వు వేయొద్దు. చదివినవాణ్ణీ చదవనివాణ్ణీ ఒకే గాటన కట్టేస్తే ఆ మార్కులకి విలువేముంటుంది?

పరీక్షల పనికి వేరే క్రమశిక్షణ కావాలి. ప్రశ్నపత్రం తయారు చేయమని కవరు వస్తే ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పకు. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో టైప్ చేయకు. నీ దగ్గరి బంధువు ఆ పరీక్ష రాస్తుంటే నువ్వే ముందుగా పరీక్షల కంట్రోలర్‌కి రాసి తప్పుకో. పేపరు బయటికి పొక్కడం, పరీక్షలో అక్రమాలకి సాయపడడం మన రాష్ట్రంలో 1997 చట్టం కింద నేరం. అది మెమోతో పోయే తప్పు కాదు.

లైంగిక వేధింపుల మీద అమ్మాయిల ఫిర్యాదుల విషయంలో చాలా జాగ్రత్త. ఎవరైనా నీ దగ్గరికి వచ్చి చెప్పుకుంటే విను, ధైర్యం చెప్పు, ఇంటర్నల్ కంప్లయింట్స్ కమిటీ దాకా దారి చూపించు. విచారించే పని 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం, యూజీసీ 2015 నిబంధనలు ఆ కమిటీకే అప్పగించాయి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, కారణం ఉంటే గడువు పెంచే అధికారం కమిటీకి ఉంది. విచారణ 90 రోజుల్లో ముగించాలి. "డిపార్ట్‌మెంట్ పరువు పోతుంది, మనమే కూర్చోబెట్టి మాట్లాడదాం" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల మాట వినకు. అలా కూర్చోబెట్టి మాట్లాడినచోట ఆ అమ్మాయి చదువు మానేసి వెళ్లిపోవడం, అవతలివాడు యథాప్రకారం క్యాంపస్‌లో తిరగడం నేను చూశాను. ర్యాగింగ్ సంగతి కూడా అంతే. 2009 నిబంధనల ప్రకారం నేరమని తేలితే 24 గంటల్లో పోలీసులకి ఫిర్యాదు వెళ్లాలి. నువ్వు కూడా గదిలో విద్యార్థితో మాట్లాడేటప్పుడు తలుపు తీసే ఉంచు. రాత్రిపూట విడివిడిగా మెసేజ్‌లు వద్దు, చెప్పాల్సింది క్లాసు గ్రూపులో చెప్పు.

మీ డిపార్ట్‌మెంట్‌లో గెస్ట్, కాంట్రాక్ట్ టీచర్లు ఉంటారు. నువ్వు చెప్పే పాఠమే వాళ్లూ చెబుతారు. గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చరుకి 1500, నెలకి 50,000 మించకుండా ఇవ్వొచ్చని 2019లో యూజీసీ చెప్పింది. చేతికి ఎంత వస్తుందో, ఎన్ని నెలలకి వస్తుందో వాళ్లనే అడిగి తెలుసుకో. రెగ్యులర్ పోస్టులో ఉన్నావు కదా అని నీ స్పాట్ వాల్యుయేషన్ (జవాబు పత్రాలు దిద్దే పని), నీ న్యాక్ (యూనివర్సిటీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు వాళ్ల నెత్తిన వేయకు. ఇది ఏ రూల్లోనూ లేదు, కానీ నా మేనల్లుడివి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

ప్రమోషన్ ఫైలు ఈ రోజే మొదలుపెట్టు. పీహెచ్‌డీ ఉంది కాబట్టి జీతం లెవెల్ 10 నుంచి 11కి నీకు నాలుగేళ్లు. పీహెచ్‌డీ లేనివాళ్లకి, ఎంఫిల్ ఉంటే అయిదు, అదీ లేకపోతే ఆరు. ఓరియెంటేషన్ కోర్సు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనో ఆన్‌లైన్‌లోనో ముందే పూర్తిచేసెయ్, ఆఖరి ఏడాదికి పెట్టుకుంటే సీటు దొరకదు. పరిశోధక విద్యార్థుల్ని తీసుకోవాలంటే 2022 నిబంధనల ప్రకారం నీవి కనీసం మూడు పరిశోధన పేపర్లు అచ్చయి ఉండాలి, ఒకేసారి నలుగురికి మించకూడదు. నలుగురూ కావాలని తొందరపడకు, ఒక్కరితో మొదలుపెట్టు. నీ రాతలో ఇతరుల రాతలతో పోలికలు 10 శాతం దాటితే 2018 ప్లేజియరిజం నిబంధనలు వచ్చి పడతాయి. పని చేయని పెద్దవాళ్ల పేరు పేపరులో చేర్చమంటారు, ఇది కూడా పాటించకూడని ఆనవాయితీల్లో ఒకటి. "సార్, మీరు ఒక్కసారి చదివి దిద్ది ఇవ్వండి, కృతజ్ఞతల్లో రాస్తాను" అను. ఎక్కువమంది చదవరు, అక్కడితో అడగడం మానేస్తారు.

కొనుగోళ్లలో మూడు కొటేషన్లు, స్టాక్ రిజిస్టర్‌లో నమోదు, మార్చి 31కి యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే సర్టిఫికెట్). ఇంతే. ప్రాజెక్టు వచ్చాక వివరంగా మాట్లాడుకుందాం.

నెల్లూరులో ఏ సందు చూసినా కోచింగ్ హోర్డింగులే. ఆదివారం వచ్చి రెండు క్లాసులు చెప్పమని నిన్నూ పిలుస్తారు, డబ్బు కూడా బాగానే ఇస్తారు. పాఠాల పనికి అడ్డం వచ్చే ట్యూషన్లు, కోచింగ్‌లు వద్దని యూజీసీ నీతి నియమావళిలోనే ఉంది. వెళ్లొద్దు.

ఇక హాస్టల్ డిప్యూటీ వార్డెన్‌గా ఉండమంటే ఒప్పుకోవాలా అని నువ్వు అడిగిన సంగతి. నోటిమాట మీద ఒప్పుకోకు. ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఉత్తర్వు) ఇచ్చాక ఒప్పుకో, ఎందుకంటే పిల్లల దగ్గర నేర్చుకునేది అక్కడ చాలా ఉంటుంది. ఛార్జి, అంటే బాధ్యత, తీసుకునే రోజు పాత వార్డెన్‌తో కలిసి స్టోర్‌కి వెళ్లు. బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, మంచాలు, ఫ్యాన్లు అన్నీ లెక్కపెట్టు. మెస్ బకాయిల జాబితా రాయించు. ఇద్దరూ సంతకాలు పెట్టి, ఒక కాపీ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర (అందినట్టు ముద్ర) వేయించుకో. బియ్యం లెక్క తేడా వస్తే వచ్చినంతే రాయించు, సర్దుకుందాం అంటే సర్దుకోకు.

ఆదివారం కావలి వస్తే ఛార్జి జాబితా నమూనా తీసి పెడతాను. మధ్యాహ్నం భోజనానికి ఇక్కడే ఉండేటట్టు రా.

అత్త