ముందు చాట్ చెరపకండి అక్కా

అక్కా, గేమ్ చాట్‌లో పరిచయమైనవాడు ఫోటో బయటపెడతానని మీ పదమూడేళ్ల పాపను బెదిరిస్తున్నాడని చదివి మనసు కలుక్కుమంది. కోపంలో ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే రేపు ఇంకేం జరిగినా మీకు చెప్పదు. పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు వాడిదే, నీది కాదని చెప్పండి. డబ్బు గానీ ఇంకో ఫోటో గానీ పంపొద్దు. స్క్రీన్‌షాట్లు, వాడి ప్రొఫైల్ లింకు దాచాకే బ్లాక్ చేయండి. ఆ ఫోటోను మాత్రం సాక్ష్యమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పిల్లలపై నేరాలకు పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాత్రిపూటైనా పలుకుతుంది. కన్నడ రాదని స్టేషన్‌కి వెళ్లడానికి జంకకండి, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లలందరికీ రక్షణే. మేమూ బెంగళూరు మారతహళ్లిలోనే ఉంటాం, కావాలంటే తోడొస్తాను.