గోల్స్ లెక్కపెట్టి మిడ్‌ఫీల్డర్‌ని కొలవకండి

అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయి మేరీల్యాండ్‌లో హైస్కూల్లో లాక్రోస్ ఆడుతున్నాడు, మిడ్‌ఫీల్డర్. కాలేజీలో కూడా ఆడతానంటున్నాడు. ఆ పొజిషన్‌లో ఆడేవాళ్ళ కాలేజీ కెరీర్ ఎలా ఉంటుంది? ఎవరిని గొప్ప మిడ్‌ఫీల్డర్ అంటారు?"

తెలియనివాళ్ళ కోసం ఒక మాట: లాక్రోస్ అంటే చివర వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట. అందులో అటాక్‌కీ డిఫెన్స్‌కీ మధ్య మైదానమంతా తిరిగి రెండు వైపులా ఆడేవాడు మిడ్‌ఫీల్డర్. రెండో ప్రశ్నకి నా దగ్గర ఒక్క పేరే ఉంది. కైల్ హారిసన్. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ జట్టు, 18 నంబర్ జెర్సీ. అతను ఆడుతున్న రోజుల్లో నేను అదే యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో చాలామంది ఆట చూశాను. గోల్స్ ఇంతకంటే ఎక్కువ కొట్టినవాళ్ళు ఉన్నారు, గట్టిగా కొట్టినవాళ్ళు ఉన్నారు. మిడ్‌ఫీల్డర్ అంటే మాత్రం అతనే.

హాప్కిన్స్ అనగానే మనవాళ్ళకి హాస్పిటల్ గుర్తొస్తుంది. ఆ క్యాంపస్‌లో ఉన్నవాళ్ళని అడగండి, లాక్రోస్ పేరు చెప్తారు. మిగతా ఆటలన్నీ డివిజన్ 3లో, అంటే కాలేజీ ఆటల కింది స్థాయిలో ఆడే యూనివర్సిటీ, లాక్రోస్ మాత్రం పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడుతుంది. చార్ల్స్ స్ట్రీట్ పక్కనే హోమ్‌వుడ్ ఫీల్డ్. వసంతం వచ్చిందంటే శనివారాలు లేత నీలం చొక్కాలతో ఆ వీధంతా నిండిపోయేది. మా ఇండియన్ స్టూడెంట్లలో ఎక్కువమంది అటువైపు తొంగి కూడా చూసేవారు కాదు. క్రికెట్ స్కోరు కోసం రాత్రంతా మేలుకునేవాళ్ళకి ఇంటి ముందు దేశంలోకెల్లా మంచి ఆట జరుగుతుంటే పట్టలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

హారిసన్ కథ అతని తండ్రితో మొదలవుతుంది. మైల్స్ హారిసన్ జూనియర్ బాల్టిమోర్‌లోనే ఉన్న మోర్గన్ స్టేట్ యూనివర్సిటీ తరఫున లాక్రోస్ ఆడారు. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన యూనివర్సిటీ అది. 1970ల్లో, డబ్బున్న తెల్లవాళ్ళ ఆట అని పేరుపడిన లాక్రోస్‌లో వాళ్ళు జట్టు కట్టారు. 1975లో అదే మోర్గన్ స్టేట్, వర్జీనియా రాష్ట్రానికి వెళ్ళి వాషింగ్టన్ అండ్ లీ అనే బలమైన జట్టుని దాని సొంత మైదానంలోనే 8-7తో ఓడించింది. మైల్స్ గారు ఆ తర్వాత సర్జన్ అయ్యారు. అంటే డాక్టర్ గారి అబ్బాయి స్టిక్ పట్టుకుని మైదానంలోకి దిగాడన్నమాట. మన ఇళ్ళలో ఎంతమంది డాక్టర్లు ఒప్పుకుంటారో మీరే ఆలోచించండి.

ఇక కాలేజీ కెరీర్. 2002 నుంచి 2005 వరకు నాలుగు సీజన్లు. ఆ నాలుగేళ్ళలో హాప్కిన్స్ 55 మ్యాచ్‌లు గెలిచి 6 ఓడింది. హోమ్‌వుడ్ ఫీల్డ్‌లో ఒక్కటీ ఓడలేదు. కానీ 2002 సెమీఫైనల్లో ప్రిన్స్‌టన్ చేతిలో, 2003 ఫైనల్లో వర్జీనియా చేతిలో, 2004 సెమీఫైనల్లో సిరక్యూస్ చేతిలో ఓటమి. 1987 తర్వాత హాప్కిన్స్‌కి టైటిల్ లేదు. పచారీ కొట్టులో బిల్లు వేసే పెద్దాయన కూడా "ఈసారైనా కొడతారా?" అని అడిగేవాడు. ఆ ఊళ్ళో ఆ టెన్షన్ అలా ఉండేది.

2005 మే 28. సెమీఫైనల్, ఫిలడెల్ఫియాలోని లింకన్ ఫైనాన్షియల్ ఫీల్డ్‌లో. మళ్ళీ వర్జీనియాతోనే. మేం నలుగురం ఒక కారులో వెళ్ళాం. స్టేడియంలో బాగా పైన దొరికాయి సీట్లు. పైనుంచి చూడటమే మంచిదైంది. బంతి ఎక్కడుందో వెతకడం మానేసి ఆ మ్యాచ్ అంతా 18 నంబర్‌నే చూశాను. మిడ్‌ఫీల్డర్‌ని అలాగే చూడాలి, మీరూ మీ అబ్బాయిని ఈసారి అలా చూడండి. బంతి చేతిలో ఉన్నప్పుడు అందరూ చూస్తారు. బంతి పోయిన క్షణంలో అతను ఎటు తిరుగుతాడో చూడాలి. హారిసన్ తల కూడా దించుకునేవాడు కాదు, తిరిగి పరుగు. మైదానం పొడవు 110 గజాలు. ఇటు గోల్ దగ్గర నుంచి అటు గోల్ దాకా వచ్చి, తనకి ఎదురైనవాడి ముందు నిలబడేవాడు. ఫేస్‌ఆఫ్‌కి, అంటే మైదానం మధ్యలో పెట్టిన బంతి కోసం ఇద్దరు తలపడే పోటీకి, దిగమంటే దిగేవాడు. నేల మీద దొర్లుతున్న బంతి కోసం ముగ్గురు పడుతుంటే, వాళ్ళలో అతనొకడు.

చివర్లో 12.9 సెకన్లు ఉండగా వర్జీనియా అటాక్ ఆటగాడు మాట్ వార్డ్ గోల్ కొట్టాడు. 8-7. మా పక్క వరుసలో ఒకావిడ తలమీద టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. మా ఫ్రెండ్ ఒకడు "పదండ్రా, ట్రాఫిక్ పెరగకముందే వెళ్దాం" అని లేచాడు కూడా. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. సరిగ్గా 1.4 సెకన్లు మిగిలి ఉండగా హాప్కిన్స్ తరఫున జేక్ బర్న్ గోల్ కొట్టాడు! 8-8. ఆ అరుపుల్లో నాకు నా గొంతే వినపడలేదు. ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కొట్టింది ఎవరో తెలుసా? బెన్సన్ ఎర్విన్. డిఫెన్స్ కోసం దించే మిడ్‌ఫీల్డర్. ఎప్పుడోగాని గోల్ వైపు చూడనివాడు. 9-8.

అందుకే గోల్స్ లెక్క చూపించి మాట్లాడేవాళ్ళంటే నాకు కోపం. ఆ ఏడాది అతి ముఖ్యమైన గోల్ కొట్టినవాడి పేరు గోల్స్ పట్టికలో వెతికినా కింద ఎక్కడో ఉంటుంది.

రెండు రోజుల తర్వాత ఫైనల్లో డ్యూక్ మీద మళ్ళీ 9-8. గోలీ జెస్సీ ష్వార్ట్జ్‌మన్‌కి టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడి గౌరవం. సీజన్ మొత్తం 16-0. పద్దెనిమిదేళ్ళ కరువు తీరింది. హారిసన్‌కి ఆ సంవత్సరం టెవారటన్ అవార్డు వచ్చింది. దేశం మొత్తం మీద ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చేది, ఈ ఆటకి మోహాక్ తెగవాళ్ళు పెట్టుకున్న పేరుతోనే ఆ అవార్డు నడుస్తోంది. దాన్ని అందుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. తండ్రి మోర్గన్ స్టేట్‌లో ఆడిన మూడు దశాబ్దాలకి కొడుకు చేతికి ఆ ట్రోఫీ వచ్చింది. ఆ తర్వాత ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్ళని వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట తీసుకున్నది కూడా అతన్నే, న్యూజెర్సీ ప్రైడ్ జట్టు. 2021 దాకా ఆడాడు.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. పురుషుల టెవారటన్ 2001లో మొదలైంది. మొదటిసారే హోఫ్‌స్ట్రా మిడ్‌ఫీల్డర్ డగ్ షానహాన్‌కి ఇచ్చారు. 2003లో వర్జీనియా మిడ్‌ఫీల్డర్ క్రిస్ రొటెల్లి, 2005లో హారిసన్, 2009లో కార్నెల్ మిడ్‌ఫీల్డర్ మ్యాక్స్ సీబాల్డ్. అంతే. తర్వాత 2025 వరకు ఒక్క మిడ్‌ఫీల్డర్‌కీ రాలేదు. అన్నీ అటాక్ వాళ్ళకే. ప్రిన్స్‌టన్‌లో టామ్ ష్రైబర్ లాంటివాడికి కూడా రాలేదంటే ఏమనాలి! అదే ష్రైబర్ 2018 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఆఖరి క్షణంలో గోల్ కొట్టి కెనడా మీద అమెరికాని 9-8తో గెలిపించాడు.

మంచి మిడ్‌ఫీల్డర్లు పుట్టడం మానేశారా? కాదు. కోచ్‌లు ఆ పొజిషన్‌ని ముక్కలు చేశారు. ఆట ఆగకుండానే మనుషుల్ని మార్చుకోవచ్చు కదా, ఆ వెసులుబాటు వాడుకుని గోల్ కొట్టడానికి ముగ్గురు, బంతి పోగానే వాళ్ళని బయటికి పిలిచి డిఫెన్స్‌కి వేరే ఇద్దరు ముగ్గురు, పొడుగు స్టిక్‌తో ఇంకొకడు, ఫేస్‌ఆఫ్ గెలిచి వెంటనే బయటికి పరుగెత్తడానికి మరొకడు. కబడ్డీలో కూతకెళ్ళేవాడు పట్టు సమయానికి బెంచీ మీద కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. 2019లో కాలేజీ ఆటలో 80 సెకన్ల షాట్ క్లాక్, అంటే బంతి దొరికాక అంతలోగా షాట్ కొట్టాలన్న గడువు, పెట్టినప్పుడు ఇది మారుతుందని ఆశపడ్డాను. కొంచెం వేగం పెరిగింది తప్ప పెద్దగా మారలేదు.

మా అన్నయ్యగారి అబ్బాయి విషయంలో ఇది కళ్ళారా చూశాను. స్కూల్లో రెండు వైపులా చక్కగా ఆడేవాడు. వేసవిలో ఒక క్లబ్బులో చేర్పించారు, ఫీజులూ ప్రయాణాలూ హోటళ్ళూ కలిపి బోలెడు ఖర్చు. అక్కడి కోచ్ వాణ్ణి అటాక్‌కి మాత్రమే దించి, బంతి పోయిన ప్రతిసారీ బయటికి పిలిచేవాడు. సీజన్ అయ్యేసరికి వాడికి వెనక్కి పరుగెత్తే అలవాటే పోయింది. మా వదినగారు గోల్స్ వీడియోలు చుట్టాలందరికీ పంపేవారు. కాలేజీ కోచ్ చూసి "డిఫెన్స్ వీడియో ఉందా?" అని అడిగితే ఒక్కటీ లేదు.

ఈ వీడియోల పిచ్చి కూడా ఎక్కువైంది. హారిసన్ చివరి సీజన్‌లో మొదటి సంవత్సరం కుర్రాడు పాల్ రాబిల్ అని ఉండేవాడు. అతనూ మిడ్‌ఫీల్డరే. 2005, 2007 టైటిళ్ళు రెండూ గెలిచాడు, తర్వాత అన్నయ్యతో కలిసి ప్రీమియర్ లాక్రోస్ లీగ్ పెట్టాడు, హారిసన్ కూడా అందులో ఆడాడు. రాబిల్ గురించి పిల్లలకి తెలిసిందల్లా గంటకి 111 మైళ్ళ వేగంతో షాట్ కొట్టాడని. ఆ షాట్ కోసం గోడకి కొడుతూ కూర్చుంటారు. బలహీనమైన చేత్తో పట్టుకోవడం, పాస్ ఇవ్వడం ఎవడు నేర్చుకుంటాడు?

మీరు అడగలేదు గానీ స్కాలర్‌షిప్ మాట కూడా చెప్పేస్తాను, మన తల్లిదండ్రులందరి మనసులో ఉండేది అదే. డివిజన్ 1 పురుషుల లాక్రోస్ జట్టుకి చాలా ఏళ్ళపాటు 12.6 పూర్తి స్కాలర్‌షిప్పులే ఉండేవి, నలభై యాభై మంది ఉన్న జట్టు వాటిని పంచుకోవాలి. 2025 నుంచి చాలా పెద్ద కాలేజీల్లో ఆ లెక్క పోయి, జట్టులో 48 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. ఐవీ లీగ్‌లో ఆట కోసమని స్కాలర్‌షిప్పే ఇవ్వరు. కాబట్టి ఫీజు మిగులుతుందన్న ఆశతో పిల్లాణ్ణి తోయకండి. ఇంకొకటి, పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా కాలేజీ కోచ్‌లు పిల్లలతో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదని 2017లో నియమం వచ్చింది. దానికి ముందే ఎవరైనా "మాకు కోచ్‌లు తెలుసు" అని డబ్బు అడిగితే దూరంగా ఉండండి.

ఇప్పుడు మీ అబ్బాయికి కాలం కలిసొస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2023 అక్టోబర్‌లో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో 2028 లాస్ ఏంజిలిస్ ఆటల్లోకి క్రికెట్‌ని తీసుకున్నారు. మన పేపర్లన్నీ అదే రాశాయి. అదే రోజు, అదే హాల్లో లాక్రోస్‌ని కూడా తీసుకున్నారని మన ఇంట్లో ఎంతమందికి తెలుసు? అక్కడ ఆడేది సిక్సెస్ పద్ధతి. గోలీతో కలిపి జట్టుకి ఆరుగురే మైదానంలో ఉంటారు. మైదానం చిన్నది, షాట్ క్లాక్ 30 సెకన్లు, పొడుగు స్టిక్‌లు లేవు, గోల్ పడిన ప్రతిసారీ ఫేస్‌ఆఫ్ కూడా లేదు. గోలీ తప్ప మిగిలిన ఐదుగురూ కొట్టాలి, ఐదుగురూ ఆపాలి. ఒక్క పని మాత్రమే వచ్చినవాడికి అందులో చోటు దొరకడం కష్టం. హారిసన్ లాంటివాడు ఇప్పుడు ఇరవై ఏళ్ళవాడై ఉంటే ఆ జట్టులో మొదటి పేరు అతనిదే రాసేవారు.

అందుకని మీ అబ్బాయి కోచ్ దగ్గరికి మీరు వెళ్ళాల్సి వస్తే, "మావాణ్ణి ఎక్కువ గోల్స్ కొట్టనివ్వండి" అని అడగకండి. బంతి పోయినప్పుడు కూడా మైదానంలోనే ఉంచమనండి. వాడు ఎన్ని గ్రౌండ్ బాల్స్ (నేల మీద దొర్లే బంతులు) తీశాడో, ఎన్నిసార్లు బంతిని క్లియర్ చేసి అవతలి వైపు చేర్చాడో మీరే ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. కాలేజీ కోచ్‌తో మాట్లాడేటప్పుడు ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి, రెండు వైపులా ఆడిన మ్యాచ్ వీడియో ఒకటి కోతలు లేకుండా మొత్తం పంపండి.