సినిమా పెడితే ఈ లోకంలో ఉండను... ఇది జబ్బా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి మూడేళ్లు. ఇంట్లో సినిమా పెట్టుకున్నానంటే పక్కన ఎవరు పిలిచినా నాకు వినపడదు. మొన్న స్టౌ మీద పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంతా వాసన నిండినా తెలియలేదు. మావారే వచ్చి ఆపారు. సినిమా అయిపోయాక కూడా రెండు రోజులు ఆ మనుషులే కళ్లముందు తిరుగుతుంటారు. మావారు ‘ఇదేదో మానసిక జబ్బు, డాక్టరుకు చూపిద్దాం’ అంటున్నారు. అత్తగారు పిల్లల ముందే ‘సినిమా పిచ్చిది’ అంటారు. థియేటర్లో అందరూ ఇలాగే చూస్తారు కదా, ఇంట్లో చూస్తే తప్పేంటి?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: తప్పు లేదమ్మా. కాకపోతే థియేటర్లో మన వెనక పొయ్యి వెలుగుతూ ఉండదు.

ముందు జబ్బు సంగతి. కథలో పూర్తిగా లీనమైపోవడం జబ్బు కాదు. 1974లో టెలెగన్, అట్కిన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ఒక స్వభావ లక్షణంగానే కొలిచారు. ఇది కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. మీలో ఎక్కువ, అంతే. దాదాపు వెయ్యేళ్ల కిందట కశ్మీర్ పండితుడు అభినవగుప్తుడైతే ఇలా తన్మయం కాగలగడాన్నే సహృదయుడి, అంటే కళను నిజంగా ఆస్వాదించగలవాడి, అర్హతగా చెప్పాడు. ఈ మాట అత్తగారి దగ్గర అనకండి, ఇంకో గొడవ అవుతుంది.

పిలిస్తే వినపడకపోవడం కూడా నటన కాదు. చూపు ఒక పనిలో పూర్తిగా మునిగి ఉంటే, చెవిన పడిన శబ్దం మనసుదాకా చేరకపోవచ్చని లండన్ పరిశోధకులు 2011లో ప్రయోగం చేసి చూపించారు. కాబట్టి మీవారికి నా సూచన: వంటింట్లోంచి ‘ఇదిగో, నిన్నే’ అని కేకలు వేయడం మానేసి, దగ్గరికొచ్చి భుజం తట్టండి. లేదా పేరు పెట్టి పిలవండి. ఎంత ధ్యాసలో ఉన్నా సొంత పేరు కొంత త్వరగా తగులుతుంది.

ఒక్కటి మాత్రం గమనించుకోండి. సినిమా లేనప్పుడు కూడా, మాట్లాడుతూ మాట్లాడుతూ కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, ఆ కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోతే న్యూరాలజిస్టును కలవాలి. కొన్ని రకాల ఫిట్స్ అలాగే ఉంటాయి. టీవీ సౌండు రోజురోజుకీ పెంచాల్సి వస్తుంటే చెవుల పరీక్ష చేయించుకోండి. నిద్ర, తిండి మానేసి సినిమా మీద సినిమా చూస్తున్నా, ఏదో బాధను తలచుకోకుండా ఉండటానికే చూస్తున్నా, అప్పుడు మనం వేరేగా మాట్లాడుకోవాలి. మీ ఉత్తరంలో అవేమీ కనిపించలేదు.

పాల విషయం మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. ఈసారి మాడి ఊరుకుంది. పొంగిన పాలు మంటను ఆర్పేసి ఉంటే గ్యాస్ లీకవుతూనే ఉండేది. పైగా ఇంట్లో మూడేళ్ల పిల్లాడు. బాత్రూంలో నిండు బకెట్టు ఉన్నా వాడికి ప్రమాదమే. సినిమా మొదలుపెట్టే ముందు స్టౌ ఆపాలి. ‘సిమ్‌లోనే పెట్టాను, అయిదు నిమిషాలేగా’ అనేది మీ విషయంలో పనికిరాదు. పిల్లవాణ్ని ఎవరో ఒకరికి అప్పగించి, ‘వీణ్ని చూసుకోండి, నేను సినిమా చూస్తున్నా’ అని పైకి చెప్పి కూర్చోండి.

అసలు పాలు స్టౌ మీద పెట్టి సినిమా చూడాల్సిన అవసరం ఎందుకొచ్చింది? నా ఊహ ఏమిటంటే, మీకంటూ ఒక సమయం ఆ ఇంట్లో లేదు. పనికీ పనికీ మధ్య దొరికిన పావుగంటలో, ఎవరైనా ఏమైనా అంటారేమోనన్న టెన్షన్‌తో చూస్తున్నారు. అది వినోదం కాదు, దొంగతనంగా తినే తిండి. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా మీదని మీవారితో మాట్లాడి ఖాయం చేసుకోండి. ఆయన క్రికెట్ మ్యాచ్ చూసేటప్పుడు ఇల్లు ఎలా సర్దుకుంటోందో, మీకూ అలాగే సర్దుకోవచ్చు. మన సినిమాల్లో సగం కాగానే ‘విశ్రాంతి’ కార్డు పడుతుంది కదా, అక్కడ ఆపి ఇల్లంతా ఒకసారి తిరిగి రండి. వెబ్ సిరీస్‌లకు ఆ సౌకర్యం లేదు. ఒక ఎపిసోడ్ అయ్యేలోపే ఇంకోటి మొదలైపోతుంది. సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయండి.

సినిమా రెండు రోజులు వెంటాడటం గురించి దిగులు వద్దు. కథ ఎవరితోనైనా చెప్పుకుంటే బరువు దిగుతుంది. మీ పెద్దబ్బాయికో అమ్మాయికో చెప్పి చూడండి, నోరు తెరుచుకుని వింటారు. మరీ బరువైన సినిమాలు రాత్రి పడుకునే ముందు పెట్టుకోకండి.

ఇక ‘పిచ్చిది’ అనే మాట. పిల్లల ముందు అనకూడదని అత్తగారితో చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. అది ఆయన అమ్మ. విడిగా, నెమ్మదిగా ఆయనే చెప్పాలి.

ఇంత చెప్పినా ఆయనకు అనుమానం తీరకపోతే, డాక్టరు దాకా వెళ్లే ముందు ఇద్దరూ కలిసి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం మీద సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పాల గిన్నె సంగతి కూడా దాచకుండా చెప్పండి.